బ్రేకు దీపిక: రిసాలి ప్రతి

మూలం: డాష్‌బోర్డు మీద ఎర్రటి వలయం, దాని నడుమ ఆశ్చర్యార్థకం, వలయానికి ఇరువైపులా చెరొక వంపు గీత.

అవతారిక: ఈ కావ్యానికి కర్త పేరు లేదు, కృతిపతి లేడు, అక్షరం ఒక్కటైనా లేదు. అయినా చదవక తప్పని పాఠకులు కోట్లమంది ఉన్నారు. వాళ్లలో రిసాలి వాసులను ప్రత్యేకంగా తలచుకోవడానికి కారణం ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన భిలాయి ఉక్కు కర్మాగారానికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు పనికి వచ్చి స్థిరపడ్డాయి. రిసాలి ఆ ఉక్కు టౌన్‌షిప్‌లో ఒక సెక్టారు. సెక్టారు రోడ్లు చదునుగా, తిన్నగా ఉంటాయి. వాటి మీద బొలేరో బ్రేకుకు పరీక్షే లేదు. పండక్కో పెళ్లికో ఊరు బయల్దేరితే మాత్రం ధమ్తరి, కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాటు మలుపులెక్కి, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు ఘాటు దిగాలి. రిసాలిలో ఒక్క క్షణం మినుకుమని ఆరిన దీపానికి అర్థం సాలూరు ఘాటులో తెలియడం ఎవరికీ క్షేమం కాదు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆ నియమానికి లోబడి ఈ టీక చెప్పబోయేది ఒక్కటే: బ్రేక్ ఆయిల్ పోసి దీపం ఆర్పడం మరమ్మతు అనిపించుకోదు, అది మూలాన్ని దిద్దడం.

ప్రతిపదార్థం: వలయము అనగా బ్రేకు డ్రమ్ము. వంపు గీతలు అనగా దాన్ని ఒరుసుకునే షూలు. డ్రమ్ములో షూలు లోపల కదా ఉండేది, బొమ్మలో బయటికెందుకొచ్చాయని శంకించరాదు, అది కవిసమయం. ముందు చక్రాలకు డిస్కులొచ్చి ఏళ్లు గడిచినా బొమ్మలో డ్రమ్మే మిగలడం సంప్రదాయ గౌరవం. ఆశ్చర్యార్థకం హెచ్చరికను, ఎరుపు రంగు తక్షణ కర్తవ్యాన్ని సూచిస్తాయి. ఇంగ్లీషు ‘పీ’ అక్షరం కూడా కనిపిస్తే అది హ్యాండ్ బ్రేకును చెప్పే పాఠాంతరం. పక్కన ఏబీఎస్ అనే పసుపు దీపం కూడా వెలిగితే ప్రకరణమే మారుతుంది. వెనుక చక్రాలకు బ్రేకు బలాన్ని సర్దే ఎలక్ట్రానిక్ ఏర్పాటు పని మానేసి ఉండవచ్చు, గట్టిగా తొక్కితే వెనుక భాగం పక్కకు జారవచ్చు. కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయిన 2019 నుంచి ఈ జంట దీపాల పాఠం చదవాల్సినవాళ్లు పెరిగారు. ఇక నాంది ఉండనే ఉంది: తాళం తిప్పగానే దీపం వెలగాలి, హ్యాండ్ బ్రేకు దించి బండి స్టార్టు చేశాక ఆరాలి. నాందిలోనే వెలగకపోతే మూలానికే లోపం. ఆ మౌనాన్ని క్షేమమని చదవకూడదు.

అన్వయం: దీపం వెలిగింది కనుక ఆయిల్ కారుతోందని వెంటనే తేల్చడం తార్కికులు అనైకాంతికమనే హేత్వాభాసం. హేతువు ఒకటే, దాని వెనుక సాధ్యాలు అనేకం. హ్యాండ్ బ్రేకు లివరు ఒక్క పన్ను మీద మిగిలిపోయినా వెలుగుతుంది. లివరు కింది స్విచ్చిలో మట్టి పట్టినా వెలుగుతుంది. ఆయిల్ డబ్బాలో అయస్కాంతం పొదిగిన బెండు తేలుతుంటుంది. మట్టం దిగితే బెండు దిగుతుంది, అడుగునున్న స్విచ్చి కలుస్తుంది, అప్పుడూ వెలుగుతుంది. సులువైన వైరింగున్న బండ్లలో వీటిని విడదీయడం కష్టం కాదు. బండి నిలిపి, లివరు పూర్తిగా దించి, స్విచ్చి వైరు ఊడదీసి చూడాలి. ఆరితే దోషం అక్కడ. ఆరకపోతే డబ్బా మీది కనెక్టరు తీయాలి. అప్పుడు ఆరితే, ఆయిల్ తగ్గి అయినా ఉండాలి, బెండు ఇరుక్కుని అయినా ఉండాలి. ఏది నిజమో డబ్బా పక్కనున్న మిన్, మ్యాక్స్ గీతలే చెబుతాయి. మలుపులో మినుకుమని, తిన్నటి రోడ్డు మీద ఆరిపోయే దీపం అబద్ధమాడటం లేదు. మట్టం అంచుకు చేరాక మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరగడం వల్ల బెండు దిగుతోంది.

విచారణ: మట్టం నిజంగానే తగ్గిందని తేలితే మిస్త్రీ చెయ్యి ముందు డబ్బా మూత మీదికే వెళుతుంది. టీకాకారుడు ఆ చెయ్యి పట్టుకోవలసింది అక్కడే. ఇంజన్ ఆయిల్‌లాగా బ్రేక్ ఆయిల్ నడకకు ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో ఉండేదానికి తగ్గడానికి దారులు రెండే. ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, వెనుక ఏర్పడిన జాగాలోకి ఆయిల్ చేరుతుంది; ఇది స్థానభ్రంశం. రెండోది కారడం. వెనుక డ్రమ్ములోని వీల్ సిలిండర్ కప్పులు పోతే టైరు లోపలి గోడ మీద తడి చార కనిపిస్తుంది, లైనింగు తడిసి బండి ఒక పక్కకు లాగుతుంది. మాస్టర్ సిలిండర్ వెనుక సీలు పోతే ఆయిల్ బూస్టరులోకి దిగుతుంది. నేల మీద చుక్క కూడా పడదు. కొన్ని బండ్లలో క్లచ్చికీ ఇదే డబ్బా కనుక దొంగ క్లచ్చి వైపు కూడా ఉండవచ్చు. ఈ సాక్ష్యమంతా తగ్గిన మట్టం చెబుతున్నదే. కారణం వెతక్కుండా డబ్బా నింపితే సాక్ష్యం చెరిగిపోతుంది, దోషం మిగిలిపోతుంది.

పూర్వపక్షం: బ్రేకు బాగానే పడుతోంది కదా, దీపమే తప్పు అంటారు ఒకరు. మాస్టర్ సిలిండరులో రెండు గదులు, రెండు దారులు ఉంటాయి. ఒక దారి చెడినా రెండోది బండిని ఆపుతుంది, ఎక్కువ దూరం తీసుకునైనా సరే. పైగా గొట్టాల్లోకి గాలి చేరక ముందే చెప్పడం దీపం ఉద్యోగం. బ్రేకు పోయాక వెలిగే దీపంతో ఎవరికి పని? ప్యాడ్లు అరిగి తగ్గిందని తేలాక పోస్తే తప్పేమిటని మరొకరి ప్రశ్న. అరుగుదల చెబుతున్న గుర్తును అప్పుడు మనమే తుడిచినవాళ్లమవుతాం. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లను వెనక్కి నొక్కుతారు. ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చి, నిండి, పొర్లి పెయింటును తినేస్తుంది. మూడో ఆక్షేపణ బరువైనది. రాత్రివేళ కేశ్‌కాల్ దగ్గర దీపం వెలిగింది, మిస్త్రీ లేడు, బండిలో పిల్లలున్నారు. శాస్త్రం చెప్పుకుంటూ కూర్చోవాలా? దీనికి ఆపద్ధర్మం ఉంది. ముందు పెడల్ తొక్కి పట్టాలి. మెత్తగా దిగిపోతే, నేలకు జారుతుంటే బండి కదలకూడదు. గట్టిగా నిలిస్తే ఉన్న మట్టానికి టేపు అంటించి గుర్తు పెట్టి, మూత మీద రాసిన రకం ఆయిల్‌ను కొత్త డబ్బాలోంచే పోసి, ఎంత పోశామో గుర్తుంచుకుని, మెల్లగా దగ్గరి ఊరు చేరి మళ్లీ చూడాలి. అక్కడికి మళ్లీ తగ్గి ఉంటే ప్రయాణం అక్కడితో సరి. కొత్త డబ్బా అన్న నియమం ఛాదస్తం కాదు. డాట్ 4 ఆయిల్‌కు కనీస మరుగు వేడి 230 డిగ్రీలు. నీరు పీల్చుకున్నాక ఆ ప్రమాణం 155కు పడుతుంది. ఎప్పుడో విప్పి మూలన పెట్టిన డబ్బా గాలిలోని తేమ తాగే ఉంటుంది. ఘాటు దిగుతూ పదేపదే తొక్కితే అది మరిగి ఆవిరవుతుంది. కాలికింద పెడల్ ఉంటుంది, చక్రం దగ్గర బ్రేకుండదు.

సిద్ధాంతం: దీపం చెప్పేది ఒక్క మాట, ఆగి చూడమని. మిగతాది లివరు, గీతలు, ప్యాడ్లు, నాలుగు చక్రాల లోపలి గోడలు, పెడల్ చెబుతాయి, ఆ వరుసలోనే. వాటిని అడగక ముందు మూత తీయడం ప్రక్షిప్తం.

తాత్పర్యం: ఎర్రదీపం వెలిగితే బండి పక్కకు తీసి ఆపండి. ఆయిల్ తగ్గిందని మిస్త్రీ చెబితే పోయించే ముందు ఎందుకు తగ్గిందో అడగండి. చక్రం విప్పించి చూడండి. కారణం చెప్పకుండా దీపం ఆర్పి ఇచ్చిన బండితో సాలూరు ఘాటు దిగకండి.