పిత్తాశయానికి జాతి సర్టిఫికెట్

మొత్తానికి పిత్తాశయానికి కూడా జాతి సర్టిఫికెట్ ఇచ్చేశారు. గాల్‌బ్లాడర్ క్యాన్సర్ వచ్చాక మనిషి ఎన్నాళ్లుంటాడో అతను ఏ జాతిలో పుట్టాడో చూసి చెప్పేయొచ్చట. అమెరికాలో రోగులను జాతులవారీగా విడదీసి తీసిన లెక్క కదా, ఫోన్లలో తిరగడానికి ఒక్క పూట చాలు. “అంతా జీన్స్‌లనే ఉంటదన్నా” అని పోచంపల్లి చాయ్ కొట్టు దగ్గర తీర్పు కూడా అయిపోతుంది.

ఆ లెక్కలో మనవాళ్లను కూర్చోబెట్టిన గడి పేరు ‘ఏషియన్’. జపాన్ ముసలామె, ఫిలిప్పీన్స్ నర్సు, డల్లాస్‌లో దిగిన నల్లగొండ సాఫ్ట్‌వేర్ కుర్రాడు... అందరికీ కలిపి ఒకటే పిత్తాశయం.

ఈ గడి చరిత్ర మరీ ముచ్చటైంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయుడు తెల్లవాడు కాదని తేల్చింది. 1970 జనగణన వాళ్లు అదే భారతీయుణ్ని తెల్లవాళ్లలో కలిపేశారు. 1980కల్లా ‘ఏషియన్ ఇండియన్’ అయ్యాడు. అంటే అక్కడే ఉండిపోయిన పెద్దమనిషి కడుపులోని పిత్తాశయం పదేళ్లలో జాతి మార్చుకుంది. కోత లేదు, మత్తు లేదు. కుల ధ్రువపత్రం కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు ఈ వైభవం చూసి కుళ్లుకోవాలి.

పోచంపల్లిలో ఇక్కత్ నేసేవాళ్లు రంగు ఎక్కకూడని చోట దారానికి రబ్బరు పట్టీ బిగించి కడతారు. విప్పితే ఏ పోగు రంగు ఆ పోగుదే. లెక్కల పండితులేమో పోగులన్నీ ఒకే తొట్టిలో ముంచి, “చూశారా, అంతా ఒకటే రంగు” అంటున్నారు. భారతీయులే ఒక్క రంగు కాదు. ఈ జబ్బు గంగా మైదానంలో, అస్సాంలో ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ.

జన్యువుల పాత్ర లేదని కాదు. 2017లో టాటా మెమోరియల్ పరిశోధకులు ఏబీసీబీ1, ఏబీసీబీ4 జన్యువుల దగ్గరి తేడాలకూ ఈ క్యాన్సర్‌కూ సంబంధం చూపించారు. కానీ జబ్బు రావడం వేరు, వచ్చాక బతకడం వేరు.

బతకడం దగ్గర జాతి పేరెత్తితే ఒళ్లు మండుతుంది. డొక్కలో నొప్పంటే గ్యాస్ గోలీ. మళ్లీ నొప్పంటే ఇంకో గోలీ. కళ్లు పచ్చబడితే నేల ఉసిరి పసరు. ఈ క్యాన్సర్‌లో కామెర్లు కనబడ్డాయంటే చాలాసార్లు గడ్డ అప్పటికే పిత్తనాళం దాకా పాకిందని అర్థం. పోచంపల్లి పక్కనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. అయినా మనిషి స్కానింగ్ బల్ల ఎక్కేసరికి నెలలు గడిచిపోతే ఆ నెలలను ఏ జాతి ఖాతాలో రాస్తారు?

చిలీలో మపూచే ఆదివాసీ స్త్రీలను ఈ జబ్బు దారుణంగా పీడించింది. అక్కడి ప్రభుత్వం రక్తాన్ని తిట్టి ఊరుకోలేదు. 35 నుంచి 49 ఏళ్ల వాళ్లకు రాళ్లుంటే పిత్తాశయాన్ని ముందే తీసే ఆపరేషన్‌ను 2006లో చట్టబద్ధమైన హామీల్లో చేర్చింది. జబ్బు తక్కువున్న తెలంగాణలో అంత అవసరం లేదు. రాళ్లకని తీసిన పిత్తాశయాన్నయినా పరీక్షకు పంపితే చాలు. గోడలో దాగిన క్యాన్సర్ చాలామందిలో బయటపడేది అక్కడే.

ఇక్కడ జరిగేది వేరు. ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకుంటుంది. చిన్న సీసాలో రాళ్లు వస్తాయి. ఇంటాయన వాటిని గలగలలాడించి, లెక్కపెట్టి, ఫొటో తీసి చుట్టాలకు పంపుతాడు. సీసా టీవీ పక్కన చేరుతుంది. పిత్తాశయం చాలాచోట్ల చెత్తబుట్టలోకి. బయాప్సీ రిపోర్టు ఏదని అడిగితే మళ్లీ ఆ సీసానే చూపిస్తారు.