నోటిఫికేషన్ చూసుకుని నారు పోయండి

వరి పండించడం ఎలాగో చెప్పే పుస్తకాలకు మనకు కొదవ లేదు. విత్తనశుద్ధి దగ్గర్నుంచి పొట్టదశలో వచ్చే తెగుళ్ల దాకా, ఎకరానికి ఎన్ని యూరియా బస్తాలు వేయాలో, ఎన్ని వేయకూడదో అన్నీ వాటిలో ఉన్నాయి. ప్రపంచానికి మాంద్యం వచ్చినప్పుడు పండిన వడ్లను ఏం చేసుకోవాలో మాత్రం ఏ వ్యవసాయ శాస్త్రవేత్తా రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ పాఠం.

ఇది అనంతగిరి రైతు కోసం. అనంతగిరి అనగానే వికారాబాద్ కొండలకో, అరకు ఘాట్‌కో బయల్దేరకండి. ఇది కోదాడ పక్కనున్న అనంతగిరి, సూర్యాపేట జిల్లా. ఇక్కడ చూడదగ్గ ప్రదేశాలు రెండే: నీళ్లున్నప్పుడు కాల్వ, కోతలయ్యాక రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. హుజూర్‌నగర్, మిర్యాలగూడ వాళ్లు కూడా ఈ పాఠాన్ని నిక్షేపంగా వాడుకోవచ్చు.

ముందు సరంజామా సమకూర్చుకోండి. ట్రాక్టరు, కోత మిషను అద్దెకు దొరుకుతాయి కాబట్టి వాటి గురించి దిగులు వద్దు. సొంతంగా ఉండాల్సినవి మూడు. రాత్రిపూట కూడా సిగ్నల్ అందే ఫోను, గెజిట్ చదివి చెప్పే కుర్రాడు, గోడకు ఒక ప్రపంచ పటం. రాత్రిపూట అని ఎందుకన్నానంటే, పంట నాలుగు నెలలు పెరుగుతుంది గానీ విధానం చీకటి పడ్డాక పుట్టి తెల్లారేసరికి అమల్లోకి వస్తుంది. 2022 మే 13న గోధుమల ఎగుమతి మీద నిషేధం అలాగే వచ్చింది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం మీద నిషేధమూ అంతే. జూలై 20 అంటే మన దగ్గర నారుమళ్లు పచ్చబడే రోజులు. నారు పోసినవాడు నీరు పోయడా అని పెద్దలు అనేవారు. నారు పోసేది మనమనీ, నీరు పోసేది నాగార్జునసాగర్ అధికారులనీ, తలుపు వేసేది ఢిల్లీలో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ అనీ పాపం వాళ్లకు తెలియదు.

ప్రకటనలు చదవడం రెండో విద్య. అభ్యాసానికి 2022 ఏప్రిల్ 11వ తేదీని తీసుకోండి. ఆ రోజు ఢిల్లీలో తెలంగాణ భవన్ ముందు ముఖ్యమంత్రి కేసీఆర్ మంత్రులతో సహా ధర్నాకు కూర్చున్నారు. యాసంగి వడ్లు కొనాలని కేంద్రానికి 24 గంటల గడువు పెట్టారు. ఉప్పుడు బియ్యం ఇక మాకొద్దు, పచ్చి బియ్యమే ఇవ్వండి అని కేంద్రం అప్పటికే తేల్చి చెప్పింది. అంతకుముందు శీతాకాలమే రాష్ట్ర ప్రభుత్వం యాసంగిలో వరి వేయొద్దని రైతులకు చెప్పింది కూడా. సరిగ్గా అదే ఏప్రిల్ 11న, అదే ఢిల్లీలో, ప్రధాని మోదీ అమెరికా అధ్యక్షుడు బైడెన్‌తో తెర మీద మాట్లాడారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పుకుంటే రేపటి నుంచే ప్రపంచానికి తిండి గింజలు పంపడానికి సిద్ధమని ఆయనతో అన్నట్టు మర్నాడు ఒక సభలో ప్రధానే చెప్పారు. ఒకే ఊళ్లో, ఒకే రోజు, మన వడ్లు ఒకచోట ఎవరికీ అక్కర్లేనివి, ఇంకోచోట ప్రపంచం ఆకలి తీర్చేవి. ఆ తర్వాత నెల తిరగ్గానే గోధుమల తలుపు పడింది. ఇందులో తికమక పడాల్సింది ఏమీ లేదు. ‘ప్రపంచానికి అన్నం పెడతాం’ అనే మాట చెవిన పడగానే ఆ సాయంత్రమే మిల్లుకు బండి కట్టాలని గుర్తుంచుకుంటే చాలు.

ఇక అసలు విద్య: గింజను విప్పి చూడటం. మీ కంటికి వడ్లగింజ ఒకటిగానే కనిపిస్తుంది. ప్రభుత్వం కంటికి అది ఐదు శాఖలున్న సచివాలయం. మిర్యాలగూడ మిల్లులో ఏ హమాలీని అడిగినా చెబుతాడు: ఊక వేరు, తవుడు వేరు, నూక వేరు, పచ్చి బియ్యం వేరు, ఉప్పుడు బియ్యం వేరు.

యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండలకు కోతకొస్తాయి. ఆ వేడికి గింజ లోపల పగుళ్లు తీస్తుంది. పచ్చిగా మర ఆడిస్తే గింజ నిలవదు, నూకైపోతుంది. అందుకే మన మిల్లుల్లో బాయిలర్లు పెట్టుకుని, ఉడకబెట్టి, ఆరబెట్టి, అప్పుడు ఆడిస్తారు. ఉడికిన గింజ గట్టిపడి విరగదు. ఇది తాతల నాటి తెలివి, నేరం కాదు. కేంద్రం ఉప్పుడు వద్దంది. సరే, పచ్చిగానే ఆడించారనుకోండి. నూక గుట్టలు పడింది. పోనీ నూకైనా కోళ్ల దాణాకో, చైనాకో అమ్ముకుందామంటే 2022 సెప్టెంబర్ 8న నూకల ఎగుమతిని నిషేధించారు. ఆ చేత్తోనే పచ్చి బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. పది నెలలు తిరిగాక పచ్చి బియ్యాన్నే పూర్తిగా ఆపేశారు. వారం దాటగానే, జూలై 28న, నూనె తీసిన తవుడు వంతు వచ్చింది. దాన్నీ ఆపారు. నెల తిరక్కముందే, ఆగస్టు 25న, ఇన్నాళ్లూ వద్దన్న ఆ ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. కొనేటప్పుడు పనికిరానిది, అమ్మేటప్పుడు దేశం దాటిపోకూడనంత విలువైనదైంది. మొత్తం గింజలో విధానం ముట్టుకోకుండా మిగిలింది ఊక ఒక్కటే. అదీ బాయిలర్లో కాలిపోతుంది కాబట్టి బతికిపోయింది.

కనుక ఈ విద్య సారం: వడ్లు పండించకండి, ఊక పండించండి.

ఇంతకీ దీనంతటికీ మాంద్యంతో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక గోధుమలు, ఎరువులు, ఇంధనం అన్నీ మండిపోయాయి. 2022 అక్టోబర్లో అంతర్జాతీయ ద్రవ్యనిధి 2023కి ప్రపంచ వృద్ధి 2.7 శాతమే అని లెక్క చెప్పింది. లోకం మందగిస్తుంటే తిండి ధరలు మాత్రం మందగించలేదు. రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి లాక్కెళ్లింది. బియ్యం ధర పెరిగితే జనం గోల పెడతారు, పైగా ఎన్నికలు దగ్గరపడ్డాయి. నిజం చెప్పుకోవాలంటే మన మండలంలో నాట్లకు వెళ్లే కూలి ఇంట్లోనూ బియ్యం కొనుక్కునే తింటారు. వాళ్లకు ధర తగ్గడం నేను తప్పు పట్టను. తగ్గించిన ఆ రూపాయి ఎవరి కళ్లంలోంచి తీశారన్నదే నా పేచీ. 2024 ఫిబ్రవరి 6న కిలో 29 రూపాయలకు భారత్ రైస్ అని సంచులు కట్టి అమ్మారు. అది ప్రభుత్వం తన డబ్బుతో చేసిన పని, దానికి దండం. ఎగుమతి తలుపు మూసినప్పుడు మాత్రం ఖజానాలోంచి పైసా పోలేదు.

ఒక్కమాట ఒప్పుకోవాలి. 2023లో ఆ నిషేధం వల్ల నష్టపోయే అదృష్టం కూడా మన ఆయకట్టులో చాలామందికి దక్కలేదు. ఆ ఏడు సాగర్ నిండలేదు.

అమెరికాలో ఒక బంధువు ఉండటం మంచిది. కోదాడ చుట్టుపక్కల ఇది కష్టమేమీ కాదు. 2023 జూలైలో నిషేధం వార్త తెలిసిన వెంటనే అక్కడి ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్లు బారులు తీరారు. కార్ల డిక్కీల నిండా సోనామసూరి సంచులు కుక్కుకున్నారు. చివరికి కొన్నిచోట్ల ఇంటికి ఒకటే సంచి అని బోర్డు పెట్టాల్సి వచ్చింది. ఆ వారాంతం తండ్రీకొడుకుల మధ్య ఇలాంటి ఫోన్లు ఎన్ని నడిచి ఉంటాయో ఊహించుకోండి.

‘‘నాన్నా, ఇక్కడ ఇంటికి ఒకటే సంచి ఇస్తున్నారు.’’

‘‘నువ్వు నయంరా. మొన్న యాసంగి కాంటాలప్పుడు మాకు ఖాళీ సంచులు కూడా ఇయ్యలేదు.’’

బంధువు దొరకని వాళ్లకు ఇంకో మార్గముంది. దేశంగా మారిపోండి. నేను వేళాకోళం ఆడటం లేదు. నిషేధం పెట్టాక కూడా అడిగిన దేశాలకు ప్రభుత్వం కోటాలిచ్చింది, ఒక జాతీయ సహకార ఎగుమతి సంస్థ ద్వారా. 2023 అక్టోబర్ జాబితాలో ఫిలిప్పీన్స్‌కు 2,95,000 టన్నులుంటే, హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులకు 800 టన్నులున్నాయి. ఎనిమిది వందల టన్నులంటే పాతిక టన్నుల లారీలు ముప్పై రెండు. కోతల రోజుల్లో మిర్యాలగూడ బైపాస్ మీద మిల్లు గేటు కోసం అంతకంటే పొడుగు వరస నిలబడుతుంది. సీషెల్స్‌కు ఒక జెండా, ఒక విదేశాంగ మంత్రి ఉండబట్టి దాని మాట ఢిల్లీకి వినిపించింది. అనంతగిరి మండలానికి ఉన్నది ఒక తహసీల్దారు కార్యాలయం.

మీ నాన్నగారిని కూడా ఒకసారి సలహా అడగండి. ఆయన ఇదంతా ముందే చూశారు. 2007 అక్టోబర్లో బాస్మతి కాని బియ్యం ఎగుమతి ఆపారు. మరుసటి ఏడాది వసంతంలో బయట ప్రపంచంలో టన్ను ధర వెయ్యి డాలర్ల దరిదాపులకు పోయినప్పుడు మనం లోపల గడియ వేసుకుని కూర్చున్నాం. 2008 సెప్టెంబర్లో లేమన్ బ్రదర్స్ కూలింది, ప్రపంచమంతా మాంద్యం అంది. ధరలు దిగాయి, గడియ మాత్రం దిగలేదు. 2011 సెప్టెంబర్లో గానీ అది పూర్తిగా తీయలేదు. ఈలోగా ఆ వానాకాలమే కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. గోదావరి నీళ్లు కాళ్ల దగ్గర పారుతుండగా వరి వేయబోమన్నారు. నీళ్ల కోసం మొగులు కేసి చూసే మన ఆయకట్టు వాళ్లకు అది విని మతిపోయింది.

ఇప్పుడు తలుపు తెరిచే రోజు గురించి. అది మీరు ఇంట్లో లేని రోజే వస్తుందని రాసిపెట్టుకోండి. 2024 సెప్టెంబర్ 1న వానలకు కోదాడ వీధులు ఏరులయ్యాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. పొలాల్లో ఇసుక మేట వేసింది. అదే నెల 28న, టన్నుకు 490 డాలర్లకు తగ్గకుండా ఉంటే తెల్ల బియ్యం పంపుకోవచ్చని ఢిల్లీ తలుపు తీసింది. అక్టోబర్లో ఆ షరతూ ఎత్తేశారు. నూకలకు 2025 మార్చి దాకా విముక్తి రాలేదు.

తలుపు తీశాక ఏం పండించాలి? సన్నాలే. క్వింటాలుకు 500 బోనస్ ఉంది. 2025 ఉగాదికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రేషన్ షాపుల్లో సన్నబియ్యం పథకాన్ని మన హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టారు కూడా. బాగుంది. ఆ మర్నాడే, మార్చి 31న, మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి కాకినాడ రేవులో జెండా ఊపి 12,500 టన్నుల తెలంగాణ బియ్యాన్ని ఫిలిప్పీన్స్‌కు సాగనంపారు. ఆ ఓడలో ఉన్నవి ఎంటీయూ 1010. ఆ రకం అసలు పేరు కాటన్‌దొర సన్నాలు, మార్కెట్ లెక్కలో మాత్రం దొడ్డు. కాబట్టి దొడ్డు వేయాలా, సన్నం వేయాలా అని ఎవరైనా అడిగితే, పేరుకు సన్నం, కాంటాకు దొడ్డు, ఓడకు తెలంగాణ అని చెప్పండి.

ఫిలిప్పీన్స్ మీద ఆశ పెట్టుకుని పటంలో మనీలా చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గుండ్రంగా గీసుకున్నవాళ్లు దయచేసి రబ్బరు కూడా కొనుక్కోండి. 2025 ఆగస్టు 6న, ఆ దేశాధ్యక్షుడు మార్కోస్ మన దేశంలో అతిథిగా ఉండగానే, సెప్టెంబర్ 1 నుంచి అరవై రోజులు బియ్యం దిగుమతులు ఆపుతున్నామని ప్రకటన వచ్చింది. కారణం ఏమిటంటే, వాళ్ల రైతుల కోతలు. వాళ్లకు ధర పడిపోకూడదట. మన దగ్గర తినేవాడి కోసం రైతు తలుపు మూస్తారు. అక్కడ రైతు కోసం తలుపు మూస్తే, అదీ మన రైతు ముఖానే పడింది. ఆ నెలాఖరుకే, 27న, అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసింది. డాలస్‌లో కొడుకు సంచి కొనడానికి మళ్లీ ఆలోచించి ఉంటాడు.

ఈ పాఠం కాగితాల మీద ఉండగా ఒకసారి కొనుగోలు కేంద్రానికి వెళ్లాను. రాశి పక్కన మంచం వేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన, తేమ 17కి దిగిందో లేదోనని గుప్పెడు వడ్లు తీసి పంటి కింద కొరుకుతున్నాడు. పక్కన మనవడు ఫోనులో ఫిలిప్పీన్స్ వార్త చదివి వినిపించాడు. ఆయన మొత్తం విని, నోట్లో గింజ ఊసి, ఒకటే అడిగాడు.

‘‘ఇంతకీ వాళ్ల కోతలు ఎప్పుడు అయిపోతయంట?’’

పిల్లాడు ఫోను పైకి కిందికి జరిపి చూశాడు. అందులో లేదన్నాడు. పెద్దాయన మొగులు కేసి చూసి, మంచం దిగి, పట్టా ఒక కొస మనవడి చేతికిచ్చి రెండో కొస తను పట్టుకున్నాడు.