తలనూనె మరకకు బాధ్యులెవరు?

హైదరాబాదులో నేను అద్దెకుంటాను. విజయవాడలో నాకో డబుల్ బెడ్రూం ఫ్లాటుంది, అందులో వేరేవాళ్ళు అద్దెకుంటారు. అందువల్ల గోడ మీది మరకల విషయంలో నాకు రెండు సిద్ధాంతాలున్నాయి. మనుషులు కాపురం చేశాక ఇల్లు అరుగుతుంది, నలుగుతుంది, దానికేగా నెలనెలా అద్దె పుచ్చుకునేది అన్నది హైదరాబాదు సిద్ధాంతం. ఇల్లిస్తే ఇలాగేనా వాడుకునేది, సొంతిల్లయితే ఇలాగే చేస్తారా అన్నది విజయవాడది. బస్సు సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు మొదటిది దిగిపోయి, రెండోది ఎక్కుతుంది.

ఈమధ్య ఇల్లు మారాల్సొచ్చి పాతిల్లు ఖాళీ చేశాం. సామాను లారీ ఎక్కాక ఓనరు గారొచ్చి, ఎక్స్‌రే చూసే డాక్టరులా ఏమీ మాట్లాడకుండా గదులన్నీ తిరిగారు. హాల్లో ఆగారు. దివాన్ వేసుకున్న చోట, నేలకి మూడడుగుల ఎత్తున, అరచేయంత గుండ్రటి జిడ్డు మరక. మధ్యలో ముదురుగా, అంచుల్లో పలచగా ఉంది. మా మామగారు రోజూ అక్కడ తలానించి పేపరు చదివేవారు. ఎడిటోరియల్ పెద్దదైన రోజుల్లో మరక కాస్త పెరిగేది.

"మనిషన్నాక గోడకి ఆనుకుంటాడు కదండీ. అరుగుదల కింద రాసుకోండి" అన్నాను.

"ఆనుకోవడం సహజమే సార్. నూనె రాసుకుని ఆనుకోవచ్చని అగ్రిమెంట్లో లేదుగా?" అన్నారాయన.

అగ్రిమెంటంటే అదే, పదకొండు నెలల కాగితం. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది కాబట్టి దేశంలో అద్దిళ్ళన్నీ పదకొండో నెలలో చచ్చి మళ్ళీ పుడుతుంటాయి. పుట్టినప్పుడల్లా అద్దె పెరుగుతుంది. గోడ వయసు మాత్రం పెరగదు, అది ఎప్పుడూ "మీరొచ్చినప్పుడు కొత్తగా ఉన్న గోడే".

అసలీ తగాదా మనది కాదు, బ్రిటిషువాళ్ళనాటిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్లో ఉంది: ఇల్లు ఎలా తీసుకున్నారో అలాగే అప్పగించాలి, సమంజసమైన అరుగుదల తరుగుదల, ఎవరూ ఆపలేని శక్తి వల్ల వచ్చిన మార్పులు మాత్రం మినహాయింపు. ఆపలేని శక్తి అన్న మాట చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే పడగ్గదిలో చెయ్యందినంత మేరా మా చిన్నవాడు క్రేయాన్లతో అఆలు దిద్దాడు. 'ఌ' దగ్గర ఆగిపోయాడు, గోడ అయిపోయింది. వీడు ఆ కోవలోకి వస్తాడా అని లాయరు మిత్రుణ్ణడిగాను. నిప్పు, తుపాను, వరద, సైన్యం, అల్లరిమూక దాకా వస్తాయట. పిల్లలు రారట.

ఇంకో అస్త్రం తీశాను. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఎవరి ఖర్చు ఎవరిదో పట్టిక ఉంది. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, పైపులు, వైరింగు ఓనరు ఖాతా. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమల మెష్ మన ఖాతా. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని కూడా ఉంది. ఒకప్పుడు బెంగళూరులో పదినెలల అడ్వాన్సు కట్టిన మనవాళ్ళు ఈ ముక్క చదివి కళ్ళు తుడుచుకునే ఉంటారు. కాకపోతే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే ఇదంతా అమలు. ఆ సంగతి ఎత్తకుండా ఫోన్లో పట్టిక చూపించాను.

"నమూనా అంటే మోడలే కదండీ? బిల్డరు మోడల్ ఫ్లాట్ చూపించే నాకీ ఫ్లాటు అమ్మాడు. అప్పట్నించీ మోడల్ అన్న మాట నమ్మడం మానేశాను" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాకమ్మినవాడూ అలాగే అమ్మాడు.

ఇక బాత్రూం. కుళాయిల నిండా బోరునీళ్ళ ఉప్పు తెల్లగా పేరుకుంది. "అప్పుడప్పుడూ యాసిడ్ వేసి కడగాల్సింది" అన్నారు. యాసిడ్ వేస్తే కుళాయి మీద మెరుపు పోతుంది, టైల్సు మధ్య సిమెంటు తినేస్తుంది. అప్పుడది డ్యామేజీ. వెయ్యకపోతే నిర్లక్ష్యం. బోరు వేయించింది మాత్రం ఆయనే.

వంటింట్లో స్టవ్ బండ కింది కప్‌బోర్డు తలుపు ఉబ్బి మూతపడటం లేదు. నీళ్ళు తగిలితే ఆ చెక్కపొట్టు బోర్డు ఉబ్బుతుంది, నిజమే. తగిలిన మొదటి తడి మాత్రం పాలు. మేం దిగిన రోజున దగ్గరుండి "తూర్పువైపు పొంగాలమ్మా, ఇంకాస్త పొంగనివ్వు" అని మా ఆవిడచేత లీటరు పాలు బండ మీదికి పొంగించింది ఓనరమ్మగారే. ఆ మాటంటే ఆవిడ నొచ్చుకుంటారని మింగేశాను.

నన్నడిగితే పరీక్ష ఒకటే. అదే ఇంట్లో ఓనరే కాపురముంటే ఆ మచ్చ పడేదా? పడేదైతే అరుగుదల. ఆయనకీ మామగారున్నారు, ఆయనా తలకి నూనె రాసుకుంటారు. గ్యాస్ సిలిండర్ని ఎత్తలేక గుమ్మం నుంచి వంటింటి దాకా ఈడిస్తే టైల్సు మీద పడ్డ గీత, కుక్క గీకిన తలుపు, ఇవి డ్యామేజీ, డబ్బులు కట్టాల్సిందే. కానీ "పెయింటింగుకి ఒక నెల కట్" అనే ఆచారం ఉంది చూశారూ, అది ఏ పరీక్షకీ లొంగదు. పదకొండు నెలలున్నా ఒక నెలే, ఏడేళ్ళున్నా ఒక నెలే. ఏడేళ్ళయ్యాక ఆ గోడకి ఎవరున్నా లేకపోయినా రంగు వేయించాల్సిందేగా! ఎంత చెప్పినా ఆయన వినలేదు, ఒక నెల అద్దె పోయింది.

సరిగ్గా ఆ వారంలోనే విజయవాడలో మావాళ్ళు ఖాళీ చేస్తామన్నారు. వెళ్ళాను. వాళ్ళు మంచివాళ్ళే, ఇల్లు కడిగిపెట్టారు. పడగ్గదిలో మాత్రం ఏసీ పైపు కోసం గోడకి పిడికిలి పట్టేంత బొక్క.

"ఇదేంటి బాబూ, సొంతిల్లయితే ఇలాగే కొడతారా?" అన్నాను.

"బెజవాడ ఎండలు కదా అంకుల్" అన్నాడా అబ్బాయి.

ఎండ ఆపలేని శక్తే. అయినా సూర్యాపేట దాటి వచ్చాను కాబట్టి పెయింటుకి ఒక నెల, బొక్కకి రెండువేలు పట్టుకున్నాను. వాళ్ళు వెళ్ళాక టూలెట్ బోర్డు రాస్తూ వివరాలు చదివి మా ఆవిడకి వినిపించాను: రెండు బెడ్రూములు, బోరునీళ్ళు, కారు పార్కింగు.

"ఏసీ పైపుకి దారుందని రాయరేం?" అంది. "రాసి, అద్దె ఇంకో ఐదొందలు పెంచండి."