కాటన్ దొర వెంచర్స్

ధవళేశ్వరం ఆనకట్ట కట్టేముందు కాటన్ దొర డెల్టాలో మెరకా పల్లం కొలిపించాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది, పటాలు మిగిలాయి. వాటికిప్పుడు కొత్త కొలువు దొరికిందండి: రియలెస్టేట్ ఫ్లెక్సీ! వెనకాల పాత పటం, మూలన గుర్రం మీద దొర, మధ్యలో ఎర్రచుక్కగా వెంచరు. రాజమండ్రి 10 నిమిషాలు, మధురపూడి విమానాశ్రయం 15, 2027 పుష్కరాలకు ఘాట్ పక్కనే. (ఏ బండి మీదో రాయలేదు.) పంటకాలువ పేరు 'కెనాల్ వ్యూ', మురుగుకాలువ పేరు 'లేక్ వ్యూ'. వరిచేను ఊసు మాత్రం ఎక్కడా లేదు. తొలకరికే ప్లాటులో మోకాలిలోతు నీళ్లేమిటని అడిగితే ఏజెంటు తొణకలేదు: "ఆయ్, దొరగారి పటంలో పల్లమనే ఉందండి, తమరే చూసుకోలేదు!"