కొక్కెం పోయిన ఊరు

మస్కట్ విమానాశ్రయానికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న పేటకు అరబ్బీలో ఒకటే పేరు. ఇంగ్లీషులోకి దిగేసరికి అది అజైబా, అజైబహ్, అతైబా, ఉధైబహ్ అని వేషాలు మారుస్తుంది. గొంతు లోతుల్లోంచి రావాల్సిన ‘అయిన్’, నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టి పలకాల్సిన ‘ధాల్’ ఆ పేరులో ఉన్నాయి. ఇంగ్లీషు లిపిలో వాటికి సొంత అక్షరాలు లేవు. పోస్టల్ కోడ్ 130 మాత్రం ఏ బోర్డు మీదైనా 130 గానే ఉంటుంది, అదో అదృష్టం.

అజైబాలో కాపురముంటున్న ఒక బందరు ఇంజనీరుకు ఈ గొడవేదీ పట్టదు. ఆయన పట్టింపంతా చెక్ దేశంలో ఒక ఊరి మీద. అక్కడి కంపెనీకి రాసిన ఉత్తరంలో కుర్ర ఇంజనీరు ‘పిల్సెన్’ అన్నాడు. ఈయన కొట్టేసి ‘ప్లజెన్’ అని దిద్దాడు.

“అది జర్మన్ల పేరయ్యా. వాళ్ళ ఊరిని వాళ్ళు పిలుచుకున్నట్టే మనమూ రాయాలి.”

“అయితే ప్రాగ్‌ని కూడా ప్రాహా అని రాసేద్దామా సార్?”

సార్ దగ్గర జవాబు లేదు. నిజానికి ఇంగ్లీషు వాళ్ళ దగ్గరా లేదు. రాజధాని పేరు వాళ్ళకు ఫ్రెంచి రూపంలో అలవాటై ప్రాగ్‌గా స్థిరపడిపోయింది. ఒకప్పుడు జర్మన్‌లో బ్రూన్ అన్న ఊరిని ఇప్పుడు చెక్ వాళ్ళలాగే బ్ర్నో అంటున్నారు. కార్ల్స్‌బాద్ కార్లోవీ వారీ అయింది. పిల్సెన్‌ను మాత్రం బీరు కాపాడింది. 1842లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా ఆయన అక్కడ కాచిన బంగారు రంగు బీరు ఊరి జర్మన్ పేరును సీసాల మీద ప్రపంచమంతా తిప్పింది. ఇంగ్లీషులో ఆ బీరు రకం పిల్స్‌నర్. దాన్ని ప్లజెనర్ అని అడిగితే ఏ బారులోనూ గ్లాసు ముందుకు రాదు.

చెక్ పేరు రాయడానికి ఇంగ్లీషు కన్నా తెలుగే నయమన్న సంగతి ఆ కుర్రాడికి తట్టలేదు. ఆ పేరు మొదట్లో ‘ప’కూ ‘జ’కూ మధ్య అచ్చు లేదు, లకారమే అచ్చు పని చేస్తుంది. మనం వాచకాల్లోంచి సాగనంపిన ‘ఌ’ సరిగ్గా అదే! ‘క్లుప్తం’ అనే మాటలో తప్ప దానికి పనేమీ దొరకలేదు పాపం. తర్వాతి ‘జ’కు మన ‘జడ’లోని దంత్య జకారం దాదాపు సరిపోతుంది. చివర నెత్తిన కొక్కెం పెట్టుకున్న ‘ఎన్’ ఉందే, అది అచ్చంగా మన ‘ఞ’. ఆ లెక్కన ‘పౢౙెఞ్’ అని రాసుకోవచ్చు. ఏ కంపోజిటరైనా చూస్తే ఉద్యోగం మానేస్తాడు, అది వేరే విషయం.

ఇంగ్లీషులో రాసేవాళ్ళు పిల్సెన్ అన్నా తప్పు లేదు, కొక్కెంతో సహా చెక్ పేరు రాసినా తప్పు లేదు. కొక్కెం పీకేసి మిగతాది రాస్తేనే అది రెంటికీ చెడ్డ రేవడి. మన ఇంజనీరు పట్టుబట్టి కొక్కెంతోనే ఫారం నింపాడు. ఆఫీసు సాఫ్ట్‌వేరు ఆ అక్షరాన్ని తీసేసి ప్రశ్నార్థకం పెట్టింది. కుర్రాడు నవ్వలేదు గానీ, మంచినీళ్ళ కోసమంటూ గదిలోంచి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు ఆ ఊరి మనిషే పని మీద మస్కట్ వచ్చి, అజైబాలో వీళ్ళింటికి భోజనానికొచ్చాడు. ఇంగ్లీషులో మాట్లాడినంతసేపూ “మా పిల్సెన్, మా పిల్సెన్” అన్నాడు. ఇంట్లో అమ్మతో ఫోనులో మాట్లాడినప్పుడు మాత్రం చెక్ పేరే వినబడింది. పప్పు వడ్డించుకుంటూ, “మరి మీదే ఊరు?” అని అడిగాడు.

ఆ ఊరికీ పేర్ల కరువు లేదు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు వర్తక స్థావరం పెట్టుకుని మసులిపటం అన్నారు. ప్రభుత్వం మచిలీపట్నం అంటుంది. ఊళ్ళోవాళ్ళకది బందరు. రేవు అనే అర్థమున్న ఆ పారశీక మాట మస్కట్ పక్కన ఉన్న బందర్ జిస్సాలోనూ ఉంది.

ఇంజనీరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఒక్కో అక్షరం విడదీసి “మ-చి-లీ-ప-ట్నం” అన్నాడు. అతిథి తినడం ఆపి, రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ ‘చి’ దగ్గరే ఆగిపోయాడు.

“బందరనండీ,” అంది ఇంజనీరు భార్య అన్నం గిన్నె తెస్తూ. “ఆయనకి నోరు తిరుగుతుంది. మీరు మటుకు మచిలీపట్నం అని ఎప్పుడన్నారు గనక?”