అయిదు చుక్కల అవసానం

నెల్లూరోళ్లకు ఆసుపత్రుల మీద ఉన్న పాండిత్యం మరో జిల్లాకు లేదు. పొగతోటలో ఏ డాక్టరు ఏ పూట కూర్చుంటాడు, ఎవరి దగ్గర టోకెను ముందురోజే రాయించుకోవాలి, ఎవరిది మంచి హస్తవాసి, ఎవరికి స్కానింగుల పిచ్చి అన్నది రాపూరు బస్సు దిగకముందే పల్లెటూరి ఆసామికి తెలిసి ఉంటుంది. ఇక్కడ తేలకపోతే మద్రాసు. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి ఉండనే ఉంది. అక్కడా తేలకపోతే రాయవేలూరు. అక్కడా తేలకపోతే? అప్పుడు తెల్లకోటు ఒకే ఒక్క మాట అంటుంది: "ఇంక ఇంటికి తీసుకుపోండి." ఇస్కపల్లి నుంచి కృష్ణపట్నం దాకా ఈ తీరం పొడుగునా అవసాన కాలపు వైద్యం గురించి అమల్లో ఉన్న విధానపత్రం ఇంతే.

ఇంటికి తెచ్చాక జరిగేదీ అందరూ ఎరిగిందే. ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజు సీసా వేలాడదీస్తాడు. చుట్టాలు హార్లిక్స్ పట్టుకుని వస్తారు. ఎముకల్లోకి పాకిన క్యాన్సరు నొప్పికి, బెణికిన కాలికిచ్చే సూదే ఇస్తారు. అద్దె ఇల్లయితే ఇంకో తంటా. ధనిష్ఠా పంచకంలో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి మూత పెట్టాలని ఓనరుకు హడలు. నొప్పి ఎట్లా ఉందని ఒక్కనాడు అడగని ఆ మహానుభావుడు, ఈరోజు నక్షత్రం ఏమిటో మాత్రం పంచాంగం తిరగేసి మరీ చూసుకుంటాడు. ఆసుపత్రివాళ్ల కంటే ఆయనే నయం. రోగి పోతాడన్న సంగతిని దాచకుండా లెక్కలోకి తీసుకున్నది ఆయనొక్కడే.

ఈ ఖాళీ మీద ఇప్పుడు వ్యాపారం కన్ను పడింది. వృద్ధాశ్రమం బోర్డు కింద రాత్రికి రాత్రి 'హాస్పిస్, పాలియేటివ్ కేర్' అని ఇంకో లైను పుట్టుకొస్తోంది. చోటు కావాలి, కాదనను. నయం కాదని తేలిన మనిషికి నొప్పి, ఆయాసం, వాంతులు, భయం తగ్గించి ఉన్నన్నాళ్లూ మనిషిలా ఉండనిచ్చే వైద్యం ఎవరికి చేదు? ప్రపంచం మొత్తం మీద అది అవసరమైనవాళ్లలో అందుతున్నది 14 శాతానికేనని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. నా పేచీ అంతా, ఆ చోటు మంచిదో కాదో మనవాళ్లు తేల్చే పద్ధతితోనే.

ముందు తనిఖీ బృందం బయల్దేరుతుంది. అందులో పెద్దబావగారు, మేనత్త, రొయ్యల గుంటల మీద నాలుగు డబ్బులు చూసిన మామ, వీడియో కాల్‌లో డల్లాస్ నుంచి చిన్నోడు. రోగి ఉండడు, ఆయన్ని అడగడం అశుభం. గేటు చూస్తారు, కారు తిరగడానికి చోటు చూస్తారు, క్యాంటీన్లో ఒక కాఫీ తాగుతారు. మేనత్త పూజగది ఏ మూలన ఉందో చూస్తుంది.

"ఎట్టుంది మామా?"

"బెమ్మాండంగా ఉండాది అబ్బయా. నేల మీద మొహం కనపడతా ఉండాది."

ఎవరి మొహం? ఆ మంచం మీద ఉండబోయేవాడికి నేల కనపడదు. ఆయన రోజుకు ఇరవై గంటలు చూడబోయేది పైకప్పు. ఫ్యాను రెక్కల మీద ఎన్నాళ్ల దుమ్ముందో, ట్యూబులైటు నేరుగా కళ్లలో పడుతుందో లేదో ఈ బృందంలో ఒక్కరూ మెడ ఎత్తి చూడలేదు. ఒక్క నిమిషం ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని చూద్దామన్న ఆలోచన రావడానికి మేనత్తకు శకునం అడ్డం, బావగారికి ఇస్త్రీ చొక్కా అడ్డం.

మామ అసలు ప్రశ్న వేస్తాడు. "మీ దగ్గర సర్వైవల్ ఎంత?" హేచరీలో పిల్ల కొన్న నోరు అది, వేరే ప్రశ్న రాదు. మేనేజరు ఏమాత్రం తొణకడు. "మా దగ్గర డెత్ రేటు చాలా తక్కువండీ!" బృందం ఊపిరి పీల్చుకుంటుంది. చివరిదాకా చూస్తామని బోర్డు పెట్టిన చోట చనిపోయేవాళ్లు తక్కువంటే ఆ చివర ఎక్కడ జరుగుతోందని ఎవరూ అడగరు. జరిగేది తేలికే. ఆయాసం మొదలుకాగానే అంబులెన్సు పిలిచి ఏ ఐసీయూకో తోలేస్తే, చావు అక్కడి ఖాతాలో పడుతుంది, ఇక్కడి రికార్డు గచ్చులాగే మెరుస్తుంది. ఈ లెక్కన కాశీలో ముక్తి భవన్ వాళ్లు పరమ అమాయకులు. అక్కడ గది ఇచ్చేదే పోవడానికి. రెండు వారాల్లో పోకపోతే మర్యాదగా ఖాళీ చేయమంటారు. కనీసం అక్కడ ఎవరు ఎందుకొచ్చారో ఇద్దరికీ తెలుసు.

తరువాత చుక్కలు. ఫోన్లో 4.8 కనపడితే బావగారికి ధైర్యం. ఆ రాసినవాళ్లెవరు? "స్టాఫ్ చాలా మర్యాద", "పార్కింగ్ సూపర్". సేవ పొందినవాడు తిరిగొచ్చి రాయడానికి వీల్లేని వ్యాపారం లోకంలో ఇదొక్కటే కాబోలు. రాసేదంతా పక్కన నిలబడి చూసినవాళ్లు. వాళ్లూ రోగి ఎట్లా ఉన్నాడో కాదు, తమకు ఎట్లా అనిపించిందో రాస్తారు. సాక్ష్యం విషయంలో మన జిల్లాకు ఘనమైన చరిత్రే ఉంది లెండి. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందుకు ముత్తుకూరు రోడ్డు నిండిపోలేదూ? మందు పనిచేస్తుందా అంటే క్యూ చూపించారు, క్యూ ఎందుకంటే వీడియో చూపించారు. మే 31న ప్రభుత్వం కొన్ని మందులకు ఊ కొట్టి, కంట్లో చుక్కల దగ్గర ఆగింది. క్యూ పొడవే నాణ్యతకు కొలబద్ద అనుకుంటే మరి హాస్పిస్ దగ్గర క్యూ ఉండదు కదా. అందుకే చుక్కలు.

డల్లాస్ చిన్నోడు ఇవన్నీ నాటు పద్ధతులని కొట్టిపారేస్తాడు. "అమెరికాలో అన్నీ డేటా ఉంటాయి నాన్నా." ఉంటాయి, నిజమే. అక్కడ హాస్పిస్ ఖర్చు 1983 నుంచి మెడికేర్ భరిస్తోంది. 2017లో ఏ హాస్పిస్ ఎట్లాంటిదో పోల్చి చూసే ప్రభుత్వ వెబ్‌సైటు పెట్టారు, 2022 ఆగస్టులో చుక్కలూ తగిలించారు. మనిషి పోయిన కొన్నాళ్లకు ఇంట్లోవాళ్లకు ప్రశ్నపత్రం పంపుతారు. అందులో మంచి ప్రశ్నలున్నాయి: రాత్రుళ్లు, ఆదివారాలు పిలిస్తే సాయం అందిందా? నొప్పికి కావలసినంత చేశారా? ఇంకో లెక్క నాకు మరీ నచ్చింది. ఆఖరి మూడు రోజుల్లో కనీసం రెండు రోజులు నర్సో సోషల్ వర్కరో స్వయంగా వచ్చి చూశారా అన్నది. అబద్ధమాడటం కష్టమైన ప్రశ్న అది.

అయితే అదే దేశంలో "నొప్పి ఉందా అని అడిగారా?" అన్న గడిలో దాదాపు అందరూ టిక్కు పెట్టేసి నూటికి నూరు కొట్టేశారు. అడిగారు, టిక్కు పెట్టారు, నొప్పి నొప్పిగానే ఉండొచ్చు. రోజుకింత అని డబ్బు వస్తుంది గనక, త్వరలో పోతాడని రాయించుకుని ఏళ్ల తరబడి పోనివాళ్లను చేర్చుకునే ఘనులూ బయల్దేరారు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఒక్క భవనం చిరునామా మీదే వందకు పైగా హాస్పిస్, హోమ్‌హెల్త్ లైసెన్సులున్నాయని 2022లో కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటరు బయటపెట్టాడు. మన ఊళ్లో ఒక డిగ్రీ సర్టిఫికెట్టు మీద నాలుగు మందుల షాపులు నడిపేవాళ్లు ఇది వింటే సిగ్గుతో తల దించుకోవాలి. చిన్నోడి ఎక్సెల్ షీటులో ఈ భవనానికి గడి లేదు.

ఇంతకీ ఏం అడగాలి? నేనైతే అలమార తాళం ఎవరి దగ్గరుందని అడుగుతాను. పూజగది పక్కన ఉండే అలమార కాదు, మార్ఫిన్ ఉండేది.

ఈ దేశపు వింత ఒకటుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు లైసెన్సు మీదే గసగసాల చేలు. మార్ఫిన్‌కు ముడిసరుకైన నల్లమందు శుద్ధికి ఘాజీపూర్‌లో, నీమచ్‌లో సర్కారువే ఫ్యాక్టరీలు. అందులో చాలా భాగం పరాయి దేశాల నొప్పులు తగ్గించడానికి ఓడెక్కుతూ వచ్చింది. ఇక్కడేమో 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చి, చిన్న కాగితం పొరపాటుకు కూడా పదేళ్ల జైలు భయం పెట్టేసరికి ఆసుపత్రులు మార్ఫిన్‌కు దండం పెట్టేశాయి. 1997 నాటికి దేశం మొత్తం వాడకం 18 కిలోలకు పడిపోయింది. సుమారు 97 శాతం తగ్గుదల! మత్తుమందుల మీద యుద్ధంలో ఇంత ఘనంగా ఓడిపోయింది దొంగలు కాదు, క్యాన్సరు రోగులు. 2014లో చట్టం సవరించి, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు ఒక్కటుంటే చాలన్నారు. అయినా ఈనాటికీ ఎన్ని బోర్డుల వెనుక ఆ గుర్తింపు ఉందో అడిగి చూడండి. మేనేజరు గొంతు తగ్గిస్తాడు. "ఆ మందు అలవాటైపోతుందండీ, అందుకని మేం వాడం." మూడు వారాల మనిషికి అలవాటు! పోయేలోపు చెడిపోతాడని వీళ్ల దిగులు.

ఉందన్నా ఊరుకోకండి. చీటీ చూడండి. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి గడియారం ప్రకారం రాశారా, నొప్పి లేచాక ఇమ్మని రాశారా? నొప్పి తిరిగొచ్చేదాకా ఆగకుండా ముందే ఇవ్వాలన్నది లండన్‌లో సిసిలీ సాండర్స్ పట్టుబట్టి నిలబెట్టిన పద్ధతి. ఆవిడ మొదట నర్సు, తరువాత ఆసుపత్రి సోషల్ వర్కరు, ఆనక డాక్టరు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచే నాటికి ఆ మూడు కుర్చీల నుంచీ రోగిని చూసి ఉంది. చీటీలో ఇంకొకటి వెతకండి: మార్ఫిన్ పక్కనే విరేచనం మాత్ర. ఆ మందుకు మలబద్ధకం తప్పదు. మార్ఫిన్ రాసి విరేచనానికి రాయనివాడు పుస్తకం చదివాడేమో గానీ, రోగి పక్కన ఒక్క పూట కూర్చోలేదు. మేనత్త లాంటివాళ్లు పెద్దల మధ్య ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. పడక్కర్లేదు, నేలగచ్చు కంటే ఇది శుభ్రమైన ప్రశ్న. నడుము కింద పుండు పడిందా, రెండు గంటలకోసారి పక్కకు తిప్పే మనిషి రాత్రిపూట ఎన్ని మంచాలకు ఒకరు? ఇవి బ్రోషర్లో ఉండవు.

గచ్చుకూ మంచి సేవకూ సంబంధం లేదనడానికి దూరం పోనక్కర్లేదు. కోజికోడ్‌లో 1993లో కొందరు డాక్టర్లు, స్నేహితులు చిన్న క్లినిక్కుగా మొదలుపెట్టింది పాకి పాకి ఊరూరా ఇరుగుపొరుగు వాలంటీర్ల పని అయింది. 2008లో కేరళ దీనికో ప్రభుత్వ విధానమే తెచ్చింది. నర్సు ఇంటికొచ్చి పుండు కడిగి, ముక్కు గొట్టం మార్చి పోతుంది. హైదరాబాదులో బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు 2011లో పెట్టిన స్పర్శ్ హాస్పిస్‌లో పైసా తీసుకోరు. ఎంఎన్‌జే క్యాన్సరు ఆసుపత్రిలో గాయత్రీ పాలాట్ బృందం ఎన్నో ఏళ్లుగా ఇదే పనిలో ఉంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో 'ఆలన' పేరుతో మంచాలు, ఇంటింటికీ వెళ్లే బళ్లు పెట్టారు. ఇక మన నెల్లూరే తీసుకోండి, కమ్యూనిస్టు నేత సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి ప్రజావైద్యశాలకు జనం పోయింది గచ్చు చూసి కాదు. ఆ పాఠం నేర్చిన ఊరే ఇప్పుడు పార్కింగు చూసి మార్కులేస్తోంది.

దేశానికీ మార్కులు పడ్డాయి. చావు ఎక్కడ ఎంత సజావుగా జరుగుతుందో లెక్కగట్టి ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ 2010లో 40 దేశాల జాబితా వేస్తే మనది 40వ స్థానం. అందులోనూ కేరళను విడిగా మెచ్చుకున్నారు. 2015లో 67కి చేరాం. కంగారుపడకండి, ఈసారి దేశాలు 80. కింద పదమూడు మంది దొరికారు.

కుటుంబాల సొంత కొలబద్ద ఇంకొకటుంది, దాన్ని అనకుండా వదలలేను. ఉత్తరక్రియల పందిట్లో, వడ్డన సాగుతుండగా, వినపడేట్టు చెప్పుకునేది: "ముప్పై లక్షలు పెట్టాం, ఏం లాభం." పెట్టిన లక్షలే చూపిన ప్రేమ. వెంటిలేటరు మీద చేతులు కట్టేసి ఉంచిన పది రోజులకు బిల్లు ఉంది, కాబట్టి బాగా చూసుకున్నట్టు. నొప్పి లేకుండా ఇంట్లో మజ్జిగ తాగి, మనవరాలితో రెండు మాటలాడి పోయినవాడికి బిల్లు లేదు, కాబట్టి పిల్లలు పట్టించుకోలేదు. ఇట్లాంటి గొట్టాలు నాకొద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది, 2023లో ఆ తతంగాన్ని నోటరీ సంతకం దాకా తేలిక చేసింది. రాసినవాళ్లున్నారేమో గానీ, పందిట్లో దాన్ని చదివి వినిపించే ధైర్యం ఏ కొడుక్కుంది?

ఆ బృందంలో ఈ విద్య నిజంగా తెలిసినవాడు ఒక్కడే, మామ. సర్వైవల్ అడిగాడని నవ్వాం గానీ, అర్ధరాత్రి విలువ ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. రాత్రి రెండింటికి కరెంటు పోయి ఏరేటర్లు ఆగి, గుంటలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేలోపు పంటంతా తేలిపోతుంది. ఆ వేళ మొదటి రింగుకే ఫోనెత్తి, టార్చి పట్టుకుని గట్టు మీదకొచ్చిన టెక్నీషియన్‌కే ఆయన ఏళ్లుగా పని ఇస్తున్నాడు. వాడి ఆఫీసు గచ్చు ఎట్లా ఉంటుందో ఇంతవరకు చూడలేదు.

"మరి ఇక్కడ అదే చేసి చూడకూడదా మామా?" అంటే ఒక క్షణం నా వైపు చూసి, ఆ రాత్రి నిజంగానే రెండింటికి బోర్డు మీది '24 గంటల సేవ' నంబరుకు చేశాడు. రెండోసారికి వాచ్‌మన్ ఎత్తాడు.

"డాక్టరుగారు పొద్దున పదింటికొస్తారు సార్. నర్సమ్మ పొణుకోనుంది. అడ్వాన్సయితే ఇప్పుడే ఫోన్‌పే కొట్టచ్చు, నంబరు చెప్పమంటారా?"