నట్టింటి డబ్బా పద్యానికి టీక

అవతారిక

వ్యాఖ్యాతల ఊరికి మా ఊరు దగ్గరే. కాళిదాసుకు సంజీవని రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలం. అంటే ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోక ముందు ఆయనా మేమూ ఒకే జిల్లా వాళ్లం. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కాళిదాసు మాటను బతికించడానికి రాశాడు కాబట్టి ఆయన తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. పాశమైలారంలో స్టోర్స్ గుమాస్తాగా పనిచేస్తూ ఇస్నాపూర్‌లో రెండో అంతస్తు పోర్షన్‌లో కిరాయికి ఉండే నేను నా వ్యాఖ్యకు 'రీస్టార్టు' అని పేరు పెడుతున్నాను. పడిపోయినదాన్ని లేపడమే కదా రెంటి పనీ.

మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం కూడా పాటిస్తే ఈ టీక ఇక్కడే అయిపోతుంది.

మూలకర్త ఎవరో తెలియదు. తాళపత్రం మాత్రం ఉంది: రౌటరు వచ్చిన అట్టపెట్టె మూత. దాని లోపలి వైపు బాల్‌పెన్నుతో రాసి ఉంది. ఇది మా కన్నా ముందు ఈ పోర్షన్‌లో ఉన్న తెలుగు పండితుడిదా, వైరు లాగే పిల్లవాడిదా అన్నది చర్చ. యతులన్నీ కుదిరాయి గనక పండితుడిదేనని మా ఇంటామె వాదన. సలహాలన్నీ కుదిరాయి గనక పండితుడిది కాదని నా వాదన.

మూలం (ఆటవెలది)

నట్టనడుమ నుంచు నట్టింటి డబ్బాను
గోడ వెనక దాచ గొంతు తగ్గు
రెండు బాట లుండు రెంటి తీరులు వేరు
మంత్ర మొకటి మార్చి మరువకుండు

ప్రతిపదార్థం

నట్టింటి డబ్బాను = ఇంటిలోని రౌటరును; నట్టనడుమన్ = సరిగ్గా మధ్యభాగమునందు; ఉంచు = పెట్టుము; గోడ వెనకన్ = గోడకు ఆవల; దాచన్ = దాచినచో; గొంతు = సిగ్నల్ అనెడి స్వరము; తగ్గున్ = క్షీణించును; బాటలు = తరంగములు పోవు దారులు; రెండు ఉండున్ = రెండు కలవు; రెంటి తీరులు = ఆ రెంటి స్వభావములు; వేరు = భిన్నములు; మంత్రము ఒకటి = పాస్‌వర్డును; మార్చి = కొత్తది పెట్టి; మరువక ఉండు = జ్ఞాపకముంచుకొనుము.

తాత్పర్యం

పై పద్యంలో చెప్పినట్టు ఎవరూ చెయ్యరు.

టీక

ముందుగా 'డబ్బా' శబ్దం. మా వైపు టీ కొట్టూ డబ్బానే, పాన్ కొట్టూ డబ్బానే, పాతబడ్డ బండీ డబ్బానే. ఇక్కడ రౌటరుకు రూఢి. నిజానికి దీని కడుపులో రెండు డబ్బాలున్నాయి. వెంట్రుకలో పదో వంతుకు అటూఇటూగా ఉండే గాజు నాళంలోంచి వెలుగుగా వచ్చే మాటను కరెంటుగా మార్చేది ఒకటి, ఆ మాటను గాల్లోకి వదిలేది ఇంకొకటి. ఆ గాజు దారం ఒక్కటే, రాకపోకలకు రెండు వెలుగులు: వచ్చేది 1490 నానోమీటర్ల మీద, పోయేది 1310 మీద. రెండూ కంటికి కనబడవు గనక ఎదురెదురుగా పోతున్నా ఎవరూ చూడలేదు. 2024 డిసెంబరులో ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్‌ను మొదలుపెట్టినప్పుడు ప్రయోగానికి ఎంచుకున్న కొద్ది ఊళ్లలో మా సంగారెడ్డి జిల్లా ఊరొకటీ ఉంది. ఆ తీగను మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే వేశారు. అంటే నల్లా నీళ్లూ సినిమా పాటలూ ఒకే దారిన వస్తాయి. ఇంట్లోకి వచ్చాకే గొడవ.

శంక: నట్టిల్లు అంటేనే ఇంటి నడిమి గది. మళ్లీ నట్టనడుమ అనడం పునరుక్తి కాదా?

సమాధానం: కాదు. నట్టిల్లు అడ్డం కొలత, నట్టనడుమ నిలువు కొలత. నేల మీద పెట్టకు, సజ్జ మీదికి ఎక్కించకు, మనిషి భుజం ఎత్తున ఉండనీ అని కవి హృదయం. నిలబెట్టిన యాంటెన్నా నుంచి సిగ్నల్ బంతిలాగా అన్ని వైపులా పోదు, గారెలాగా పోతుంది. గారె చిల్లులో గుచ్చిన పుల్లే యాంటెన్నా. పక్కలకు పిండి దండిగా ఉంటుంది, పుల్లకు నేరుగా పైనా కిందా ఉన్నది చిల్లే. పై అంతస్తుకూ అందాలంటే ఒక కొమ్మును నిలబెట్టి ఇంకోదాన్ని పడుకోబెట్టాలి. పైగా దూరం రెట్టింపైతే బలం సగానికి కాదు, పావుకు పడిపోతుంది. గోడ లేని మైదానంలోనే ఈ లెక్క. నీళ్లలో ఉన్న మొసలికీ ఒడ్డున పడ్డ మొసలికీ ఉన్న తేడా వేమన చదివిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. రౌటరు దగ్గరికొచ్చేసరికి మాత్రం మొసలిని ఒడ్డునే ఉంచి, ఇంకాస్త పెద్ద మొసలిని కొనడానికి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారుకు పోతాం.

ఇప్పుడు లోకాచారం చూద్దాం. గల్లీలో కరెంటు స్తంభం ఉంటుంది. దాని మీంచి నల్లటి వైరు మా బాల్కనీ సజ్జ కిందికి వస్తుంది. పిల్లవాడు కిటికీ చట్రం పక్కన బెజ్జం కొట్టి, వైరు లోపలికి లాగి, చెప్పుల స్టాండు మీద డబ్బా పెట్టి చూపిస్తాడు.

"నడిమిట్ల హాల్ల పెట్టు బిడ్డా" అన్నాను.

"అంకుల్, వైరు ఈడిదాంకనే. హాల్లకంటె ఇంకో బెజ్జం కొట్టాలె, మీ ఓనరు ఒప్పుకుంటడా?"

ఓనరు ఒప్పుకోడు. ఆయన గోడకు మేము క్యాలెండరు మేకు కొట్టిన రోజునే మాకు ఆ సంగతి తెలిసింది. కాబట్టి ఇళ్లలో రౌటరు ఉండే చోటును నిర్ణయించేది వాస్తు కాదు, భౌతికశాస్త్రం కాదు, స్తంభం. ఇంటికి ఏ మూల స్తంభం దగ్గరో ఆ మూలే డబ్బాకు స్థానం. పద్యం మొత్తంలో కవి కడుపుమంట అంతా ఈ మొదటి పాదంలోనే ఉంది. తక్కిన మూడూ దాని పరిహారాలు.

పరిహారం లేకపోలేదు. గాజు వైరును అక్కడే ఆపేసి, క్యాట్6 వైరు గోడ అంచున క్లిప్పులు కొట్టుకుంటూ హాలుదాకా లాగి, అక్కడ రెండో డబ్బా పెట్టుకోవచ్చు. ఆ రాగి వైరు 100 మీటర్లదాకా మోసుకుపోతుంది, మా పోర్షన్ పొడవు అందులో పదో వంతు. గాజు వైరునే లోపలికి పొడిగిస్తే కూడా తప్పులేదు గానీ దాన్ని తలుపు మూల దగ్గర మడిచి మేకుకు చుట్టకూడదు. మలుపు బిగిస్తే వెలుగు దారం తప్పి బయటికి చిందిపోతుంది, డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. బాల్కనీలో ఆ వైరు మీద తువ్వాళ్లు ఆరేసి మూడు రోజులు ఎర్ర లైటు చూసిన వాళ్లం మేమే.

'గోడ వెనక దాచ గొంతు తగ్గు'. 'గోడ' ఉపలక్షణం. గోడ అనగానే ఇటుక గోడ మాత్రమే కాదు, అడ్డొచ్చేదంతా గోడే అని గ్రహించాలి. నాలుగించుల గోడ కన్నా తొమ్మిదించుల గోడ, దాని కన్నా ఇనుప చువ్వలున్న స్లాబు గట్టి అడ్డం. అన్నిటికన్నా గట్టిది బీరువా. ఇనుప రేకు సిగ్నల్‌ను మింగదు, తిప్పికొడుతుంది. నిలువుటద్దమూ అంతే, వెనక పూసిన లోహం పూత చేసే పని అది. నీళ్ల డ్రమ్ము మింగేస్తుంది. కొత్తగా పెళ్లైన ఇంట్లో బీరువా, అద్దం, ఫ్రిజ్ ఒకే గోడకు వరసగా పెడతారు. వాటి వెనక గదిలో కూర్చుని వైఫై రావట్లేదని డబ్బాను తిట్టడం అన్యాయం.

ముత్యాల అల్లిక గుడ్డ కప్పితే సిగ్నల్ తగ్గుతుందా అని మా ఇంటామె అడిగింది. సిగ్నల్ తగ్గదు, డబ్బాకు ఉక్క పోస్తుంది. అది కప్పితే చిల్లుల్లోంచి వేడి పోదు. ఈ సందర్భంలో ఒక స్థానికాచారం చెప్పాలి. మా పారిశ్రామికవాడలో దసరాకు లేతు మిషన్ నుంచి కంప్రెసర్ దాకా అన్నిటికీ బొట్లు పెడతాం. ఆ ఊపులో ఇంటికొచ్చి రౌటరుకూ పెడతాం. నెత్తిన పెట్టండి, చిల్లుల్లో వద్దు.

'రెండు బాటలు'. 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది పల్లెవెలుగు బస్సు: నింపాదిగా పోతుంది, చెయ్యెత్తిన చోటల్లా ఆగుతుంది, ప్రతి ఊరికీ చేరుతుంది. రెండోది ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కిన కారు: దూసుకుపోతుంది, మీ గల్లీలోకి మాత్రం రాదు. మొదటి దాని తరంగం జానెడులో సగం పైచిలుకు పొడవు, రెండోది మూడు వేళ్ల వెడల్పు. పొట్టి తరంగానికి గోడ దాటడం కష్టం. డబ్బా ఉన్న గదిలో టీవీకి 5, వెనక గదిలో ఫోనుకు 2.4. ఇంతే సంగతి. ఈ దారులకు ఇంట్లో వాడుకుంటే లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో 2005లో 2.4 బాటను అలా వదిలేశారు, 2018లో 5 బాటను బాగా వెడల్పు చేశారు.

వదిలేసిన బాట గనకే దాని మీద అందరూ ఎక్కారు. బ్లూటూత్ అక్కడే. మైక్రోవేవ్ పొయ్యి అక్కడే, 2.45 మీద. ఇక మా బిల్డింగులో ఫోను తెరిస్తే ఇరవై వైఫై పేర్లు కనబడతాయి. 2.4లో 13 ఛానెళ్లున్నాయి కదా అనుకుంటాం. అవి ఒక్కోటి 5 మెగాహెర్ట్జ్ ఎడంలో ఉన్నాయి, మాట్లాడే గొంతు వెడల్పేమో 20. ఒకటో ఛానెల్ వాడు నోరు తెరిస్తే రెండు, మూడు, నాలుగు కూడా వింటాయి. ఇరుకు లేకుండా మిగిలేవి మూడే: 1, 6, 11. ఇది రైతుకు చెప్పక్కర్లేదు. జొన్నలో కంది వేసేటప్పుడు సాలుకూ సాలుకూ ఎంత ఎడం ఉండాలో తాతల నాటి నుంచి తెలుసు. 1972లో మా పటాన్‌చెరు పక్కన వెలసిన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఆ అంతర పంటల మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. ఎడం లేకుండా చల్లితే ఏదీ ఎదగదని మెట్ట చేనుకు తెలిసినంత మా బిల్డింగుకు తెలియదు. పక్క పోర్షన్ వాళ్లది ఆరు అయితే మీరు ఒకటికో పదకొండుకో పొండి. నాలుగో ఛానెల్‌లో దూరి రెండు సాళ్లనూ తొక్కకండి.

ఇక్కడే కొనుగోలు విషయం కూడా. పెట్టె మీద 'ఏసీ 1200' అని ఉంటే అది చల్లదనం కాదు, వేగం కూడా పూర్తిగా కాదు. 2.4 మీద 300, 5 మీద 867, రెండూ కూడితే 1167, దాన్ని పైకి సవరిస్తే 1200. మామూలు ఫోను రెండు బాటల మీదా ఒకేసారి పరుగెత్తదు కాబట్టి ఆ కూడిక అంగడివాళ్ల అలంకారం, అతిశయోక్తి. మీ ప్లాను 100 మెగాబిట్లదైతే ఆరు కొమ్ముల డబ్బా కొన్నా వచ్చేది ఆ 100 లోపే. ప్లాను 200 అయితే మాత్రం డబ్బా వెనక వైరు దూర్చే పోర్టు 100దా, గిగాబిట్‌దా చూసి కొనాలి. కొమ్ములు లెక్కపెట్టే వాళ్లలో ఆ పోర్టు చూసినవాణ్ని నేను ఇంకా చూడలేదు.

'మంత్ర మొకటి మార్చి'.

శంక: మార్చవలసినవి రెండున్నాయి. వైఫై పాస్‌వర్డు ఒకటి, డబ్బా సెట్టింగుల్లోకి పోయే పాస్‌వర్డు ఇంకొకటి. కవి 'ఒకటి' అన్నాడేమి?

సమాధానం: జాత్యేకవచనం. ఆవు సాధుజంతువు అంటే ఒక్క ఆవు అని కాదు కదా. రెండూ మార్చాలి. రెండోదాన్ని కొన్న నాటి 'అడ్మిన్, అడ్మిన్' గానే వదిలేస్తే ఇంటికి తాళం వేసి చెవిని తాళానికే వేలాడదీసినట్టు.

మంత్రానికి అక్షరాలెన్ని? కనీసం 8, గరిష్ఠం 63. దీన్ని నిర్ణయించిన ఇంజినీర్లు ఏ ఆచార్యుల శిష్యులో గానీ, వైష్ణవుల అష్టాక్షరితో మొదలుపెట్టి శైవుల అరవై ముగ్గురు నాయనార్ల దగ్గర ఆపారు. బీరంగూడ గుట్ట మల్లన్న భక్తులకూ ఆక్షేపణ ఉండదు. మా ఓనరు ఇంటి మంత్రం మాత్రం ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలే. ఆ అష్టాక్షరిని సందంతా జపిస్తోంది. రక్షణ రకం అడిగే చోట డబ్ల్యూపీఏ2 గానీ, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోండి. పాత డబ్ల్యూఈపీ గుట్టు 2001లోనే రట్టయింది.

'మరువకుండు' అన్న మాటకు, రాసిపెట్టుకో అని అర్థం. కాగితం మీద రాయకూడదంటారు గానీ నేనొప్పుకోను. క్యాలెండరు వెనక రాసి ఉన్న పాస్‌వర్డును చూడాలంటే దొంగ ఇంట్లోకి రావాలి. ఇంట్లోకొచ్చిన దొంగ వైఫై కోసం రాడు.

కరెంటు పోయిన వేళ గురించి కవి చెప్పలేదు. పద్యంలో చోటు చాలక కావచ్చు. చిన్న 12 వోల్టుల యూపీఎస్ డబ్బా పక్కన పెడితే ఫ్యాను ఆగినా ఫోను ఆగదు. అంతకన్నా రాస్తే ఒట్టు రెండో సగం మరీ అన్యాయమవుతుంది.

పాఠాంతరం

మా కింది పోర్షన్‌లో ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆరుగురు ఉంటారు. సొంత కనెక్షన్ లేదు, నెలకు ఇంత అని మాకే ఇచ్చి మా గెస్ట్ నెట్‌వర్క్ వాడుకుంటారు. బీ షిఫ్టు రాత్రి 10కి వదులుతుంది. పదిన్నరకు వాళ్లు మెట్ల మీద వరసగా కూర్చుంటారు. మా చెప్పుల స్టాండుకు గోడ అవతలే ఆ మెట్లు, మధ్యలో నాలుగించులే, తలుపు తీసి ఉంటే అదీ లేదు. బిల్డింగు మొత్తంలో 5 బాట దండిగా అందేది అక్కడే. ఒకడు పిల్లకు ముద్దులు పెడుతుంటాడు, ఒకడు తల్లి చేత తిట్లు తింటుంటాడు, ఇంకొకడు మాట్లాడకుండా ఇంటి వాకిలిని చూస్తూ కూర్చుంటాడు. మా అబ్బాయి కూడా పుస్తకాలు పట్టుకుని అక్కడికే పోతాడు. వాడి వెనక మా ఇంటామె కూరగాయల చాట పట్టుకుని పోయి గడప మీద కూర్చుంటుంది. హాలులో నేనూ ఫ్యానూ మిగులుతాం.

వాళ్లలో తెలుగు చదవడం నేర్చుకున్న కుర్రాడు అట్టముక్క మీది పద్యం కూడబలుక్కుని చదివి, "నట్టిల్లు అంటే ఏంది సార్?" అని అడిగాడు. ఇంట్లో అందరూ కూర్చునే చోటు అని చెప్పాను. "అయితే కరెక్టుగనే పెట్టిండు కద, వైరాయన" అన్నాడు.

ఇది ఇస్నాపూర్ వాస్తవ్యుడైన స్టోర్స్ గుమాస్తా రచించిన 'రీస్టార్టు' వ్యాఖ్య. రాస్తున్నప్పుడు రెండుసార్లు ఎర్ర లైటు వెలిగింది.